నర్సమ్మ హస్తవాసి

మొన్న మంగళవారం పొద్దున నా ఫ్లెక్సీల దుకాణానికి ఇద్దరు సిస్టర్లు వచ్చి ఫోనులో ఒక ఫొటో చూపించారు. "శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కొట్టాలె అన్నా. దవాఖాన గేటుకు కడుతం" అన్నారు. చూస్తే నర్సమ్మ. రిటైరయ్యాక భూపాలపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నది. అక్కడే నాలుగు రోజుల కింద గుండెపోటుతో పోయిందట. నాకు ఎవరూ కబురు పెట్టలేదు. పెట్టాల్సినంత చుట్టరికం మాకు లేదు కూడా.

చనిపోయినవాళ్ల మొహాలను ఆరడుగుల ఎత్తున చూడటం నా రోజువారీ పని. తండ్రి ముడతలు తీసేయమనే కొడుకులుంటారు, అత్త మెడలో లేని గొలుసు వేయమనే కోడళ్లుంటారు. నర్సమ్మ ఫొటోకు దిద్దాల్సిందేమీ లేదు. నూనె రాసి గట్టిగా వెనక్కి దువ్విన జుట్టు, మెడలో గుర్తింపు కార్డు, ఫొటో తీసేవాడిని తొందరపెడుతున్న చూపు. నవ్వుతున్న ఫొటో ఒక్కటైనా దొరక్కపోతుందా అని సిస్టర్లు అందరి ఫోన్లూ వెతికించారట. "ఆమె నవ్వంగ మేం చూడనే లేదన్నా" అంది ఇద్దరిలో చిన్నామె.

నేను చూశాను. ఒక్కసారే. అదెప్పుడో చెప్పాలంటే ముందు ఆమె చెయ్యి సంగతి చెప్పాలి.

నర్సమ్మది మంచి చెయ్యి అని మా జనగామలో పేరు. కొందరు డాక్టర్లకు హస్తవాసి ఉందంటారే, అదే. సూది ఆమె వేస్తే జ్వరం దిగుతుందని, టీకా ఆమె వేస్తే పిల్ల ఏడవదని. ఆమె దవాఖానకు సంబంధం లేని ఊళ్ల తల్లులు కూడా చంటిపిల్లలను ఎత్తుకుని ఆటోల్లో వచ్చేవారు. పక్క గదిలో ఇంకో సిస్టరు ఖాళీగా కూర్చుని ఉన్నా ఈమె గది ముందే బారులు తీరేవారు.

మా పెద్దోడికి ఏడాదిన్నరప్పుడు వేరే సిస్టరు టీకా వేసింది. "ఏం గాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటది" అని బుజ్జగించింది పాపం. వాడు దవాఖాన పైకప్పు లేచిపోయేలా ఏడ్చాడు. ఐదేళ్ల టీకాకు నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె వాడి ముందు గొంతుక్కూర్చుని, కళ్లలోకి చూసి, "నొస్తది. మస్తు నొస్తది. ఏడుస్తవా?" అని అడిగింది. వాడు బిక్కచచ్చిపోయి నా చొక్కా పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. పసివాడితో మాట్లాడే తీరా ఇది అనుకున్నా. ఇంతలో సూది దిగడం, రావడం అయిపోయాయి. వాడు కళ్లు తెరిచి "అయిపోయిందా?" అన్నాడు. తర్వాత వారం రోజులు బడిలో తనంతటి మొనగాడు లేడని చెప్పుకు తిరిగాడు.

"గట్ల భయపెడితె ఎట్ల సిస్టర్?" అని అడగకుండా ఉండలేకపోయాను.

"భయపెట్టలే. ఉన్నదే జర పెద్దగ చేసి చెప్పిన" అంది, దూది పారేస్తూ. "చీమ అంటిరనుకో, పిలగాడు చీమ కోసం చూస్తడు. చీమ కంటె ఎక్కువ నొస్తె మోసం చేసిన్రని ఏడుస్తడు. సూది గదే, నొప్పి గదే తమ్మీ."

ఇందులో చేతి మహిమ ఏమీ లేదని, అంతా నోట్లోనే ఉందని ఆ రోజే నాకు వెలగాల్సింది. వెలగలేదు. అందరిలాగే నేనూ ఆమె చెయ్యి మంచిదని నలుగురికీ చెప్పాను.

ఆమెది మహబూబాబాద్ వైపు గూడూరు దగ్గర ఒక తండా. ఫోనులో "యాడీ" అంటూ తల్లితో మొదలుపెట్టిందంటే లంబాడీ భాషలో గలగలా మాట్లాడేది. ఫోను పెట్టేసి మా వైపు తిరిగితే మళ్లీ మాట కొలిచి ఇచ్చేది. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. పెళ్లిభోజనం ఎట్లుందంటే "తినచ్చు" అనేది. ఊరంతా ఎగబడి చూస్తున్న సినిమా గురించి అడిగితే "నిద్రయితె రాలే" అనేది. కూతురికి మంచి సంబంధం కుదిరి, బొగ్గుబాయిలో ఉద్యోగమున్న పిల్లాడు దొరికినప్పుడు నేను సంబరంగా పలకరిస్తే, "చేసుకుంటనన్నడు. పెండ్లైనంక చూద్దాం" అంది. ఇదేం మనిషి, ఒక్క మంచి మాటైనా నిండుగా అనదే అని విసుక్కునేవాణ్ని.

మంచి చెయ్యి అన్న పేరు సూదుల దగ్గరే ఆగి ఉంటే బాగుండేది. బట్టల దుకాణపు షావుకారికి ఒకరోజు పొద్దున ఆమె తొలి బేరం చేసింది. ఆ రోజు గిరాకీ బాగా అయిందట. అప్పటినుంచి ఆయన దుకాణం తెరిచి ఆమె కోసం గుమ్మంలో కాసుకుని కూర్చునేవాడు. ఆయన్ను చూసి కిరాణా ఆయన, ఆయన్ను చూసి చెప్పుల దుకాణం ఆయన. పత్తి మార్కెట్లో సీజను మొదలైన రోజు తొలి తూకానికి ముందు ఆమెతో బస్తా ముట్టించేవారు. ఆమె సణుగుతూనే వచ్చేది. అయితే ఊరికే వచ్చేది కాదు. "బోణి చేస్త గని, నీ కోడలు ఐరన్ గోళీలు మింగుతలేదట. ఇయ్యాల్టి సంది మింగాలె" అనేది. షావుకారు ఇంటికి పోయి కోడలి చేత మింగించేవాడు. ఎన్ని ఇళ్లలో గర్భిణులను ఆమె అలా దవాఖానకు రప్పించిందో నాకు తెలుసు. ఆ పేరు ఆమెకు పనిముట్టు. దాన్ని నమ్మేది కాదు గానీ, వాడుకోవడం బాగా తెలుసు.

దీపావళి మర్నాడు పత్తి మార్కెట్ బంద్. షెడ్డు కింద జంబుఖానాలు పరిచి పగటిపూట పత్తాలాడటం, అదే పేకాట, మావాళ్లకు ఆనవాయితీ. పెద్ద పెద్ద ఆటలేం కావు, పండుగ సరదా. అక్కడికీ ఆమెను పిలిచి పత్తాలు కట్ చేయించేవారు. వచ్చేది, రెండు వేళ్లతో కట్టలో సగం ఎత్తి పక్కన పెట్టేది, వెళ్లిపోయేది. ఒకసారి వెనకే వెళ్లి, ఎవరు గెలిచారో చూసి పోవచ్చు కదా అన్నాను.

"ఏం చూడాలె?" అంది. "నేను కోసినంక గెలిచెటోడు ఎట్లుంటడో ఎరికేనా? అంగడిల కూరగాయలు కొన్నట్టు మొహం పెడుతడు. పైసలిచ్చిన, వంకాయలు వచ్చినయి అన్నట్టు. ఓడినోడేమో నన్ను చూస్తడు. ఇన్నేండ్ల సంది కోస్తున్న, నా చేతిల గెలిచి నవ్వినోన్ని ఒక్కన్ని చూడలే."

ఆమె మాట ఎంత నిజమో మాకు మహబూబాబాద్‌లో తెలిసింది. తెలిసిందని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు తెలియలేదు.

మా దగ్గర మద్యం దుకాణాలను రెండేళ్లకోసారి డ్రా తీసి ఇస్తారు. దరఖాస్తుకు లక్షల్లో కట్టాలి. డ్రాలో మన నంబరు రాకపోతే ఆ సొమ్ము తిరిగి రాదు. అయినా జనం పోటెత్తుతారు. జూదమంటే ఎవరూ ఒప్పుకోరు, టెండరంటారు. మేమూ టెండరనే అన్నాం. నేను, మా బామ్మర్ది, ఇంకో ఇద్దరు స్నేహితులం కలిసి వేద్దామనుకున్నాం. జనగామలో పోటీ ఎక్కువని, మహబూబాబాద్ జిల్లాలో తక్కువ పడతాయని విని అక్కడ ఆరు దరఖాస్తులు వేశాం. నర్సమ్మ తల్లిని చూడటానికి ఎలాగూ అటే పోతున్నది. బతిమాలి మా కారులో తీసుకుపోయి, ఆమె చేతుల మీదుగా ఫారాలు ఇప్పించాం. ఆరింటికి రెండైనా వస్తాయని దారి పొడుగునా లెక్కలు వేసుకున్నాం. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "పోయినయనుకోని ఇయ్యుండ్రి" అని ఒక్క మాట అంది. మేం చెవిన వేసుకోలేదు.

డ్రా ఒక ఫంక్షన్ హాలులో. పెట్టెలోంచి నంబరు బిళ్ల తీయడం, మైకులో చదవడం. మాకు ఒకటి వచ్చింది. ఆరింటిలో ఒకటి రావడమంటే మామూలు అదృష్టమా? నంబరు చదివినప్పుడు మేం లేచి నిలబడ్డాం, అంతే. రెండోది కూడా చదువుతారేమోనని చివరిదాకా మెడలు చాచి కూర్చున్నాం. మా పక్కన ఒక ట్రాక్టర్ మెకానిక్ ఉన్నాడు. అన్నదమ్ములు బలవంతపెడితే ఒకే ఒక్క దరఖాస్తు వేశాడట. తన నంబరు చదవగానే లేవలేకపోయాడు. నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత బయటికి ఉరికి లడ్డూలు తెచ్చి, ముక్కూ మొహం తెలియని మాకందరికీ నోట్లో పెట్టాడు. అతనికి వచ్చింది మా దుకాణం కంటే చిన్న ఊళ్లో. ఆ లడ్డూ నములుతూ మా బామ్మర్ది, "వీనికి ఒకటి ఏసినా వస్తది, మనకు ఆరు ఏసినా ఒకటే వస్తది" అన్నాడు. తిరుగుదారిలో నలుగురం మొహాలు మాడ్చుకుని కూర్చున్నాం. ఎవరైనా చూస్తే చావుకు పోయి వస్తున్నామనుకునేవారు.

నర్సమ్మకు చెప్పడానికి నేనే వెళ్లాను. "ఒకటే వచ్చింది సిస్టర్" అన్నాను. నా గొంతులో నిష్ఠూరం నాకే వినిపించింది.

ఆమె రిజిస్టరులోంచి తలెత్తి చూసింది. "మంచిగైంది. మీ నాయినకు బీపీ గోళీలు అయిపోయినయి, తీస్కపో" అంది.

దుకాణం రెండేళ్లు నడిచింది. నష్టపోలేదు, కోటీశ్వరులమూ కాలేదు. కానీ మా బామ్మర్ది మనసులో ఆ రాని రెండో దుకాణం ఉండిపోయింది. మళ్లీ డ్రా వచ్చే నాటికి వాడు భూపాలపల్లి అన్నాడు. అక్కడ బొగ్గుబాయి జీతాలున్నాయి, దుకాణం తగిలితే దశ తిరుగుతుందన్నాడు. ఈసారి ఆరు కాదు, పదిహేను వేద్దామన్నాడు. మా స్నేహితులిద్దరూ తప్పుకున్నారు. నా దగ్గర అంత లేదు. వాడు జనగామ దగ్గర తన ఊళ్లో రోడ్డు పక్కనున్న పత్తి చేను అమ్మకానికి పెట్టి బయానా పుచ్చుకున్నాడు. వాడికి మిగిలిన మంచి భూమి అదొక్కటే. పెళ్లాంతో ఒక మాటైనా అనలేదు. నాకు మాత్రం చెప్పాడు. వద్దని నేను గట్టిగా అనలేదు. వస్తే నాకూ వాటా ఉంది మరి.

దీపావళి ముందురోజు ఇద్దరం చీర, స్వీటు డబ్బా పట్టుకుని నర్సమ్మ దగ్గరికి పోయాం. బామ్మర్ది సంగతంతా చెప్పాడు. ఆమె అన్నీ విని, చీర ముట్టుకోకుండా, "రిజిస్ట్రేషనైందా?" అని అడిగింది.

"ఇంక కాలే. నాలుగొద్దులల్ల అయితది."

"ఇంట్ల ఎరికేనా?"

"వచ్చినంక చెప్త."

"పోతయనుకోని ఇస్తవా తమ్మీ ఆ పైసలు?"

వాడు నవ్వాడు. "నీ చెయ్యి ఉండంగ ఎట్ల పోతయి నర్సమ్మా?"

"నాది వట్టి చెయ్యి. సూదులేసే చెయ్యి. గింతే" అంది ఆమె. అరచేయి చాచి చూపించింది కూడా.

"గిట్ల తగ్గించుకోని మాట్లాడెటోళ్లకే దేవుడు ఇస్తడు" అని వాడు ఆ చేతికి దండం పెట్టాడు. నర్సమ్మ చేయి వెనక్కి తీసుకుంది. రెండు మూడు సార్లు ఏదో చెప్పబోయి మానుకుంది. చీర వెనక్కి ఇచ్చేసింది. స్వీటు డబ్బా మాత్రం వార్డులో పంచమని ఆయాకు ఇచ్చింది.

దీపావళి మర్నాడు మధ్యాహ్నం, పత్తి మార్కెట్ షెడ్డు. మూడు పత్తాల ఆట నడుస్తున్నది. తలా మూడు పత్తాలు పంచుతారు, పత్తాలు చూడకుండానైనా చూసైనా పందెం పెంచుకుంటూ పోవచ్చు, ఆడలేమనుకుంటే బోర్లా పారేసి తప్పుకోవచ్చు. నర్సమ్మ వచ్చింది. కట్ చేయమని కట్ట ముందుకు జరిపారు. ఆమె చేతిసంచి పక్కన పెట్టి, "నేను గూడ ఆడుత. జర జరుగుండ్రి" అంది.

ఆడమనిషి ఆ జంబుఖానా మీద కూర్చోవడం ఎవరూ ఎరగరు. జరిగి చోటిచ్చారు. ఆమెకు ఎదురాడటానికి జంకి ఇద్దరు లేచి పక్కకు పోయారు.

మొదటి ఆటలో ఆమె పత్తాలు చూడకుండానే పందెం పెంచుతూ పోయింది. తిప్పితే ఎందుకూ పనికిరాని పత్తాలు. రెండోది అంతే. మూడోసారి పత్తాలు చూసి, చెత్త పడ్డా పెంచింది. ఓడింది. వరసగా ఓడింది. చుట్టూ గుంపు పెరిగింది. మొదట్లో అందరి మొహాల్లో భయభక్తులుండేవి. తర్వాత జాలి వచ్చింది. ఆ తర్వాత, చెప్పడానికి సిగ్గేస్తుంది, కొందరికి సరదా కూడా పుట్టింది. "అయ్యో, నర్సమ్మ చెయ్యి పోయిందిరో" అని ఎవరో అన్నారు. మా బామ్మర్ది ఆమె వెనకే నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

చివరి ఆటకు పంచింది నేను. ఈసారి ఆమె పత్తాలు దగ్గరికి తీసుకుని చూసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది. తల వంచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నదని అందరం తలలు తిప్పుకున్నాం. ఆమె మూడు పత్తాలూ బోర్లా పారేసి, "నాతోని కాదు. ఇగ పోత" అని సంచి తీసుకుని లేచింది. రెండు అయిదులున్నాయన పందెం కుప్ప గెలుచుకున్నాడు. పంచినవాణ్ని కనుక పత్తాలు ఏరుకోవాల్సింది నేనే. ఆమె పారేసినవి కట్టలో కలుపుతూ చూశాను. మూడు తొమ్మిదులు. మూడూ ఒకటే అంకె పడితే ఆ ఆటలో దాదాపు తిరుగు లేదు.

తలెత్తి చూస్తే ఆమె గేటు దాటుతున్నది. నా పక్కనే బామ్మర్ది దీనంగా మొహం పెట్టుకుని ఉన్నాడు. నేను ఆ మూడింటినీ కట్టలో కలిపి పిసికేశాను.

ఆ సాయంత్రమే వాడు బయానా తిరిగి ఇచ్చేశాడు. "ఆమె చెయ్యి పోయింది బావా. పండుగపూట కండ్లార చూసిన. ఇగ ఎట్ల ఎయ్యాలె" అన్నాడు. నేను నోరు కుట్టేసుకున్నాను. ఆ రోజుకు అది మంచి పనే. భూమి నిలిచింది. కానీ నోరు ఆ తర్వాత కూడా విప్పకపోవడానికి మంచితనం కారణం కాదు. బామ్మర్దితో గొడవ ఎందుకని, ఇప్పుడెందుకు తవ్వడమని, అంతే. అక్కడ భూపాలపల్లి డ్రాలో మేం అనుకున్న దుకాణం టేకుమట్ల వైపు రైతుకు ఎవరికో తగిలింది. మా బామ్మర్ది దరఖాస్తే వేయలేదు, ఒక్క రూపాయి పోలేదు. అయినా తన జేబులోది కొట్టేసినట్టు ఏడాది పాటు ఏడ్చాడు. మనసులో వాడు అప్పటికే ఆ దుకాణం తెరిచి, గల్లా మీద కూర్చున్నాడు మరి.

నర్సమ్మ చెయ్యి పోయిందన్న మాట ఊరంతా పాకింది. మొదట బోణీల పిలుపులు ఆగిపోయాయి. అది ఆమెకు హాయే అనుకున్నా. తర్వాత తల్లులు ఆగిపోయారు. కరోనా టీకాలు జోరుగా వేస్తున్న కాలం. వాటికోసం బడిలో రెండు బల్లలు వేసేవారు. పక్క బల్ల ముందు వరస గేటు దాకా ఉండేది, ఆమె ముందు ఎవరూ ఉండేవారు కాదు. టీకా పెట్టె ముందు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నేను పోయి ఆమె దగ్గరే రెండో డోసు వేయించుకున్నాను. నా ధైర్యం అంతవరకే. అక్కడే వరసవైపు తిరిగి ఉన్నమాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆమె అలాగే మిగిలిన సర్వీసు పూర్తి చేసి, ఒక శాలువా కప్పించుకుని వెళ్లిపోయింది.

పోయినేడు ఒక స్కూలు బోర్డులు కట్టడానికి భూపాలపల్లి పోయాను. ఆమె కూతురిల్లు అడిగి తెలుసుకుని వెళ్లాను. నర్సమ్మ కొంచెం చిక్కింది. చాయ్ ఇచ్చింది. "తాగచ్చు" అని ముందే చెప్పింది. సగం తాగి, ఇక ఆగలేక, "ఆ రోజు మీ పత్తాలు నేను చూసిన సిస్టర్. మూడు తొమ్మిదులు" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. పెదవులు బిగించింది. ఆపుకోలేక నవ్వింది. చిన్న నవ్వు కాదు. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వింది. లోపలినుంచి కూతురు పరుగెత్తుకొచ్చి, ఏమైందోనని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏడుస్తున్నరనుకున్నం మేము" అన్నాను.

"యాడ ఏడ్సుడు? నవ్వాగక కొంగు నోట్ల కుక్కుకున్న" అంది, కళ్లు తుడుచుకుంటూ. "పోగొట్టుకుందామనే కూసున్న తమ్మీ. ఒక్క పత్తా మీద గూడ ఆశ లేదు. గప్పుడు వచ్చినయి. మొదటిది తొమ్మిది. రెండోది తొమ్మిది. మూడోది చూద్దునా, గదీ తొమ్మిదే. నా పానం ఎట్లనో అయింది. గెలుపంటె గిట్లుంటదా అనుకున్న. అరవై ఏండ్లు మీదికొచ్చినంక ఎరుకైంది."

"మరి పారేస్తిరి."

"పారేస్తె ఏంది? నేను చూసుకున్న గద."

"నేను అప్పుడే చెప్పాల్సింది" అన్నాను.

"అప్పుడు చెప్తె మీ బామ్మర్ది భూమి అమ్ముతుండె. చెప్పకపోవుడే మంచిగైంది."

"తర్వాతనన్నా. ఏడాదికన్నా."

ఆమె చాయ్ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "గదైతె చెప్పాల్సింది" అంది. "తల్లులు రాలే తమ్మీ. దుకాణపోళ్లు రాకపోతె నాకేంది? తల్లులు పిల్లల్ని ఎత్తుకోని నా ముందుకెల్లే పక్క గదిలకు పోయిన్రు. గది మస్తు బాధనిపిచ్చింది."

అంతకు ముందు ఆమె నోట బాధ అన్న మాట నేను వినలేదు. బామ్మర్దికైనా చెబుతానని మాటిచ్చి వచ్చాను. జనగామ చేరేసరికి ఆ మాట చల్లబడింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏడాది దొర్లించాను.

మొన్న ఆమె ఫ్లెక్సీ కొట్టి, దుకాణం ముందు గోడకు ఆనించి ఆరబెట్టాను. పన్నెండింటికి మా బామ్మర్ది ఏదో పని మీద వచ్చాడు. బండి స్టాండు వేస్తూ చూసి, "అరె, నర్సమ్మ పోయిందా? పాపం, చివరికి చెయ్యి బాగలేకుండె ఆమెకు" అన్నాడు.

వాణ్ని లోపల కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆమె ఎందుకు ఆడటానికి కూర్చున్నదో, ఏం పారేసిందో, నేనేం చూశానో, భూపాలపల్లిలో ఏమన్నదో. వాడు "మూడు తొమ్మిదులా?" అని ఒకసారి అడిగాడు. మళ్లీ అదే అడిగాడు. నన్ను తిడతాడనుకున్నా. తిట్టి ఉంటే బాగుండేది.

నేలను చూస్తూ అన్నాడు. "మా చిన్నది పుట్టినప్పుడు, నెలన్నర సూదికి ఆమెనే మా ఇంటికొచ్చింది బావా. నేను గడపల నిలబడ్డ. లోపలికి రానియ్యలే. పసిపిల్ల, నీ చెయ్యి వద్దు అన్న."

"ఆమె ఏమన్నది?"

"ఏమనలే. టీకా పెట్టె భుజానికేసుకున్నది. సరే తమ్మీ, రేపు వేరే సిస్టర్‌ను పంపుత, సూది మాత్రం తప్పియ్యకు అన్నది." వాడు బయట గోడకు ఆనించిన ఫ్లెక్సీ వైపు తిరిగాడు. "పంపింది గూడ."